గట్టు దాటిన ఎర్ర గీతలు

తలుపు బయట రెండు జతల చెప్పులున్నాయి. ఒకటి తన మొగుడిది. మడమ దగ్గర అరిగి, ఎడమ కాలి పట్టీకి మొన్ననే కుట్టు వేయించిన జత. రెండోది ఆడమనిషిది. కొంచెం ఎత్తు మడమ, ఎర్ర పట్టీ, కొత్తది. తలుపు మూసి ఉంది.

కోటేశ్వరి చేతిలో క్యారేజీ అట్టాగే పట్టుకుని నిలబడిపోయింది. బ్రహ్మానందం పొద్దున హడావిడిగా పోతూ అన్నం మర్చిపోయాడు. ఎండ ముదరకముందే ఇచ్చొద్దామని కొంగు నెత్తిన కప్పుకుని క్వార్టర్స్ నుంచి నడిచొచ్చింది. మాచర్లకి పైన, సున్నపురాయి క్వారీకి ఆనుకుని ఉన్న సిమెంటు ఫ్యాక్టరీ అది. క్వారీ మ్యాపులు గీసే డ్రాయింగ్ ఆఫీసులో బ్రహ్మానందం సీనియర్ డ్రాఫ్ట్స్‌మన్. హాల్లో ఆయన బల్ల ఖాళీగా ఉంది. ఆ మూల మాత్రం కొత్తగా ఒక గది కట్టారు. గోడలో ఏసీ మిషన్ గుర్రుమంటోంది.

అమ్మోనియా మిషన్ దగ్గర ప్రింట్లు తీస్తున్న జిలానీ ఆమెని చూసి లేచాడు.

"కంప్యూటర్ గది చెల్లెమ్మా. దుమ్ము పడితే మిషన్ పాడైపోద్దంట. అందుకే చెప్పులు బయట ఇప్పిస్తన్నారు, మసీదుకి పోయినట్టు."

"లోపల ఎవరున్నారన్నా?"

"సారూ, విజయలక్ష్మి మేడమూ."

"తలుపెందుకు ఏసుకున్నారు?"

"తెరిస్తే చల్లదనం పోద్ది గదా."

జిలానీ మామూలుగానే చెప్పాడు. కోటేశ్వరికి మాత్రం ఆ మామూలుతనం నచ్చలేదు. క్యారేజీ అతని చేతికిచ్చి వచ్చిన దారినే పోయింది. దారి పొడుగునా ఆ ఎర్ర పట్టీలే కళ్ళ ముందు కదిలాయి.

అది ఎనభై తొమ్మిది ఎండాకాలం. వాళ్ళకి పెళ్ళయి పదమూడేళ్ళు దాటింది. బ్రహ్మానందం ఆమెకి సొంత మేనత్త కొడుకు. ఒక్కతే కూతురు, నరసరావుపేటలో అమ్మమ్మ దగ్గర ఉండి చదువుకుంటోంది. ఇంట్లో ఇద్దరే. ఇద్దరే ఉన్నా కోటేశ్వరికి పొద్దు గడవడం ఎప్పుడూ కష్టం కాలేదు. దానికి కారణం ఆయన ఇంటికి తెచ్చుకునే పని.

క్వారీ మ్యాపుల్లో ఏ రాయి ఎక్కడుందో ముందు అంచులు గీస్తారు. తర్వాత ఆ అంచుల లోపల సన్నటి ఏటవాలు గీతలు నింపుతారు. సున్నపురాయికి ఒక తీరు, పనికిరాని మట్టికి ఇంకో తీరు. దాన్ని హ్యాచింగ్ అంటారు. అంచులు గీయడం బ్రహ్మానందానికి ఇష్టం, నింపడం విసుగు. పెళ్ళైన కొత్తల్లో ఒక సాయంత్రం కలం ఆమె చేతికిచ్చి, "నువ్వు నింపవే, చూద్దాం" అన్నాడు. అప్పట్నించి నింపుడంతా ఆమెదే. కొన్ని చోట్ల అంచు పూర్తిగా కలిసేది కాదు. ఇంకా తవ్వని నేల కింద రాయి ఎక్కడ ఆగిందో ఎవరికీ తెలియదు కాబట్టి ఆ చివర తెరిచే వదిలేసేవాడు. అక్కడికొచ్చేసరికి ఆమె చేయి తనంతట తనే ఆగేది.

"గట్టు లేకపోయినా ఎట్టా ఆగుతావే?" అని అడిగేవాడు.

"ఆడ ఆగాలని తెలుస్తానే ఉంటది గదా బావా."

ఆయన ఆ మాటకి నవ్వి, కాగితాన్ని దీపం వైపు ఎత్తి చూసేవాడు. ఆఫీసులో అందరూ మెచ్చుకునే ఆ హ్యాచింగ్‌లో సగం తన చేతిదని కోటేశ్వరికి తెలుసు. ఎవరికీ చెప్పలేదు. ఆయనకీ తనకీ మధ్య ఉన్న సంగతి అది.

కంప్యూటర్ వచ్చాక ఆ పని ఇంటికి రావడం ఆగిపోయింది. నింపడం ఇప్పుడు మిషన్ చేస్తుంది. ఆ మిషన్ ముందు కూర్చునేది విజయలక్ష్మి.

కోటేశ్వరికి ఆ అమ్మాయి కొత్తేమీ కాదు. నరసరావుపేట పిల్ల, తండ్రి బస్సు కండక్టరు. డిప్లొమా చదివి, మ్యాపులకి నకళ్ళు దింపే ట్రేసర్‌గా చేరింది. మాచర్లలో పిన్ని ఇంట్లో ఉంటూ కంపెనీ బస్సులో వచ్చిపోతుంది. కలం ఎట్టా పట్టుకోవాలో, ఇంకు ఆరకముందే స్కేలు ఎట్టా ఎత్తాలో నేర్పింది బ్రహ్మానందమే. "మాస్టారూ" అని పిలుస్తుంది. రెండుసార్లు ఇంటికొచ్చి కాఫీ తాగి పోయింది కూడా. అప్పుడు కోటేశ్వరి జాలిపడింది. ఇరవై ఆరేళ్ళొచ్చినా పెళ్ళి కాలేదు పాపం అనుకుంది. ఆ జాలి ఇప్పుడు ఎటు పోయిందో తెలియదు.

ఆ సాయంత్రం అన్నం వడ్డిస్తూ అడిగింది.

"క్యారేజీ అందిందా?"

"ఆఁ."

"ఏం చేస్తన్నారు లోపల?"

"పని."

"తలుపేసుకునే పనా?"

బ్రహ్మానందం తల ఎత్తాడు. కోపం వచ్చుద్దనుకుంది. రాలేదు. అలిసిపోయినట్టు చూసి మళ్ళీ కంచంలోకి వంగాడు. "నీకు చెప్పినా అర్థం కాదులేవే" అన్నాడు.

కలం చేతికిచ్చిన మనిషి ఆ మాట అనేసరికి కోటేశ్వరికి ఇంక వడ్డించబుద్ధి కాలేదు. చారు గిన్నె పక్కన పెట్టి లేచిపోయింది.

ఆ తర్వాత ఆమెకి అన్నీ కనపడడం మొదలయ్యాయి. ఆయన డ్యూటీ అయిపోయినా గంటసేపు ఆలస్యంగా వస్తున్నాడు. నిద్రలో గొణుగుతున్నాడు. ఒకరోజు అద్దం ముందు గడ్డం గీసుకుంటూ తనలో తనే, "కొసలు కలవందే ఏం లాభం" అన్నాడు. ఎవరి కొసలు? ఆమె ఆ మాటని పట్టుకుని మధ్యాహ్నమంతా నలిపింది. పక్క క్వార్టర్ కొండమ్మ పిన్ని కంది పప్పు చెరుగుతూ, "మగోళ్ళకి చల్లటి గది దొరికితే ఇల్లు వేడిగానే ఉంటదమ్మాయ్" అంది. సరదాకే అంది. కోటేశ్వరి మాత్రం ఆ మాటకి నవ్వలేకపోయింది.

వారం గడిచేసరికి ఆమె ఉండబట్టలేక మళ్ళీ ఆఫీసుకి పోయింది. ఈసారి వంక కూడా వెతుక్కోలేదు. చెప్పులు ఆ రెండు జతల పక్కనే విడిచి తలుపు తోసింది.

చలి ఒక్కసారిగా ముఖానికి కొట్టింది. నల్లటి తెర ముందు కుర్చీలో బ్రహ్మానందం కూర్చున్నాడు. విజయలక్ష్మి వెనకాల నిలబడి ఉంది. ఏసీ చలికి పైట భుజాల నిండా కప్పుకుని ఉంది. ఇద్దరి మధ్యా మూరెడు దూరం. ఆమె వేలు తెర వైపు చూపిస్తోంది.

"అక్కా! రా అక్కా, తలుపు ఏసెయ్యి" అంది విజయలక్ష్మి సంతోషంగా.

బ్రహ్మానందం మాత్రం తప్పు చేస్తూ దొరికిన పిల్లాడిలా చూశాడు. "ఏంది ఇట్టా వచ్చావ్?"

"చూద్దామని."

"మాస్టారూ, అక్కకి చూపించండి" అని విజయలక్ష్మి పక్కకి జరిగింది.

ఆయన మీటలు నొక్కాడు. తెర మీద తెల్లటి గీతలతో ఒక ఆకారం ఉంది, అచ్చం ఇంట్లో ఆయన గీసే క్వారీ అంచుల్లాగే. దాన్ని ఎంచుకుని ఇంకో మీట నొక్కగానే లోపల గీతలు వర్షంలా దిగడం మొదలుపెట్టాయి. తను ఒక సాయంత్రమంతా కూర్చుని నింపేది రెప్పపాటులో నిండిపోతోంది. ఇంతలో ఒక మూల దగ్గర గీతలు అంచు దాటి బయటికి పారాయి. తెరంతా చిందరవందర అయిపోయింది.

బ్రహ్మానందం బల్ల మీద చరిచాడు. "మళ్ళీ!"

"ఏం కాదు మాస్టారూ. ఆ మూల కొసలు కలవలేదు." విజయలక్ష్మి వంగి ఆ మూలని పెద్దది చేసి చూపించింది. ముందు కలిసినట్టు కనపడ్డ రెండు వంపులు, పెద్దగా చేసేసరికి దూరంగా నిలబడి ఉన్నాయి. "మన కంటికి కలిసినట్టే ఉంటది. దీనికి మాత్రం వెంట్రుక వాసి సందున్నా చాలు, పారిపోద్ది. మనం ఆగినట్టు ఇది ఆగలేదు."

ఆయన ఒక కొసని లాక్కొచ్చి రెండోదానికి తగిలించాడు. మళ్ళీ నింపాడు. ఈసారి గీతలు అంచుల దగ్గర బుద్ధిగా ఆగాయి. బ్రహ్మానందం నవ్వాడు. కళ్ళతో, పళ్ళతో, భుజాలతో నవ్వాడు. నవ్వి విజయలక్ష్మి వైపు తిరిగి చూశాడు.

తన వైపు చూడలేదు.

తిరిగొస్తూ కోటేశ్వరి తనని తనే అడుక్కుంది. ఏం చూశావే అక్కడ? తప్పు ఏముంది? ఏమీ లేదు. ఆ పిల్ల ఆయనకి నేర్పుతోంది, అంతే. ఏదన్నా తప్పు కనపడి ఉంటే జుట్టు పట్టుకుని బయటికి ఈడ్చేది, ఊరంతా తన వైపు నిలబడేది. ఇప్పుడు ఎవరికి చెప్పుకోవాలి? నా మొగుడు ఆమె వైపు చూసి నవ్వాడని చెప్తే జనం నన్ను చూసి నవ్వుతారు.

ఇంటికొచ్చి అటక మీదున్న పాత కలాలు కిందికి దించింది. ఇంకు ఎండి పాళీలు మూసుకుపోయాయి. కడగబుద్ధి కాలేదు. మళ్ళీ అటక మీదే పడేసింది.

అప్పట్నించి ఆమె నోట విజయలక్ష్మి పేరు మారిపోయింది. "ఆ కండక్టర్ కూతురు", "ఆ చల్లగది మహాతల్లి". బ్రహ్మానందం మొదట్లో కసిరాడు. తర్వాత ఊరుకున్నాడు. ఇంకా తర్వాత, కోటేశ్వరికి వింతగా తోచింది గానీ, ఆయన కూడా ఆమెతో గొంతు కలపడం మొదలుపెట్టాడు.

"మేనేజరుకి ఇప్పుడు ఆ పిల్ల తప్ప ఇంకెవరూ కనపడరు" అన్నాడొకసారి. "నిన్న క్వారీ నుంచి పెద్ద ఇంజనీర్లొచ్చారు. మ్యాపు ఎవరు గీశారంటే మేనేజరు ఆదినారాయణ గారు ఆ పిల్లని చూపించాడు. అంచులన్నీ నా పాత షీట్ల మీంచే గదా ఎక్కించింది! నా పేరే ఎత్తలేదు."

"నువ్వు చెప్పొచ్చు గదా బావా?"

"ఏమని చెప్పను? ఇరవై ఏళ్ళ సర్వీసు పెట్టుకుని, నాకు నేర్పేది నా దగ్గర నేర్చుకున్న పిల్ల అని చెప్పుకోనా?"

ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖం చూసి కోటేశ్వరి నిర్ఘాంతపోయింది. ఆ ముఖం ఆమెకి బాగా తెలుసు. నెల రోజులుగా తన అద్దంలో చూస్తున్నది అదే. తను విజయలక్ష్మిని చూసి కుళ్ళిపోతోంది మొగుడి కోసం. మొగుడు విజయలక్ష్మిని చూసి కుళ్ళిపోతున్నాడు ఆ కుర్చీ కోసం. ఆమెకి గుండెల మీంచి బరువు దిగినట్టయింది. అంటే ఆయనకి ఆ పిల్ల మీద ఏమీ లేదు. అంతకంటే ఎక్కువ ఆలోచించలేదు.

వానలు పడకముందు ఒక శుక్రవారం బ్రహ్మానందం మాచర్ల సెంటర్ నుంచి వేడి మిరపకాయ బజ్జీలు పొట్లం కట్టించుకుని వచ్చాడు. చాన్నాళ్ళ తర్వాత వాకిట్లోనే "ఏమే!" అని కేకేశాడు. మంచం వాల్చుకుని కూర్చుని, ఆమెని పక్కన కూర్చోమన్నాడు.

"ఈ రోజు మా ఆఫీసులో ఏం జరిగిందో తెలుసా?"

క్వారీని వాగు దాకా పెంచడానికి కంపెనీ వాళ్ళు అనుమతి అడుగుతున్నారు. వాగు అవతల పొలాలు పక్క ఊరి రైతులవి. వాళ్ళకి భయం లేకుండా చెయ్యడానికి మేనేజరు ఆదినారాయణ గారు ఆ ఊరి సర్పంచ్ వెంకట్రామయ్యనీ, నలుగురు పెద్దమనుషుల్నీ పిలిపించి కంప్యూటర్ గదిలో కూర్చోబెట్టాడు. అందరూ చెప్పులు విడిచి, చలికి కండువాలు చెవులకి చుట్టుకుని కూర్చున్నారు.

"మేనేజరు ఏమన్నాడంటే, 'చూడండి వెంకట్రామయ్య గారూ, మందుగుండు పేల్చే చోటంతా ఎర్రగా నింపి చూపిస్తాం. వాగు దాటి ఒక్క గీత కూడా రాదు. ఇది మనిషి కాదు, మిషన్. తప్పు చెయ్యదు' అన్నాడు. ఆ పిల్ల మీట నొక్కింది." బ్రహ్మానందం బజ్జీ కొరికి, వేడికి నోరు ఊదుకుని, మళ్ళీ నవ్వాడు. "ఎర్ర గీతలు దిగినయ్, దిగినయ్... వాగు దగ్గరికొచ్చి ఆగలేదు. సర్రున గట్టు దాటి వెంకట్రామయ్య మిరప చేలో పడ్డయ్! ఆయన ఊరు కూడా ఎర్రగా నిండిపోయింది!"

"అయ్యో!"

"ఆయన లేచి నిలబడ్డాడు చూడు. 'ఏందయ్యా ఇది? కాగితం మీదే మా చేలు మింగుతున్నారు, రేపు నేల మీద ఆపుతారా?' అని కండువా దులుపుకుని పోయాడు. వెనకాలే అందరూ పోయారు. మేనేజరు ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆ పిల్ల ఏడవలేక కూర్చుంది."

కోటేశ్వరి నవ్వింది. మొదట చిన్నగా, తర్వాత ఆపుకోలేక. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆయనా నవ్వాడు. ఇద్దరూ అట్టా కలిసి నవ్వి ఎన్నాళ్ళయిందో. నవ్వు తగ్గాక ఆమె అడిగింది.

"అంత జాగ్రత్త పిల్ల, ఎట్టా తప్పింది?"

బ్రహ్మానందం వాకిలి వైపు చూశాడు. పొట్లం కాగితం ఉండ చేశాడు. ఆమె తన మనిషేనని, ఈ విషయంలో తనకంటే ఎక్కువే తన పక్షమని అనుకున్నాడేమో, గొంతు తగ్గించి చెప్పేశాడు.

"తప్పలేదు. ఆ పిల్ల భోజనానికి పోయినప్పుడు నేనే లోపలికి పోయా. వాగు మలుపు దగ్గర రెండు వంపులు కలిసే చోట ఒక కొసని కొంచెం జరిపా. అంతే. తెర మీద చూస్తే తెలవదు."

కోటేశ్వరికి కళ్ళు పెద్దవయ్యాయి. ఆ క్షణంలో ఆమెకి కలిగింది భయం కాదు, అసహ్యం కాదు. చల్లటి, తియ్యటి సంతోషం. "ఎవరన్నా చూశారా?" అని మాత్రం అడిగింది.

"ఎవరూ చూళ్ళా."

ఆమె ఆయన భుజం మీద చెయ్యేసింది. తర్వాత రెండు మూడు రోజులు ఆ ఇంట్లో పండగలాగే గడిచింది. ఆయన వేళకి ఇంటికొచ్చాడు. ఆమె ఆయనకిష్టమైన గోంగూర పచ్చడి నూరింది. విజయలక్ష్మిని కంప్యూటర్ గది నుంచి తీసేసి పాత ట్రేసింగ్ బల్ల దగ్గర కూర్చోబెట్టారని, కంప్యూటర్ కుర్చీ బ్రహ్మానందానికి ఇచ్చారని తెలిసి కొండమ్మ పిన్ని ఇంటికి కూడా ఒక గిన్నెడు పచ్చడి పంపింది.

తర్వాతి బుధవారం సాయంత్రం విజయలక్ష్మి వాళ్ళింటికి వచ్చింది. బ్రహ్మానందం ఇంకా రాలేదు. కోటేశ్వరి గుమ్మంలో ఆమెని చూసి ఒక్క క్షణం తటపటాయించి, లోపలికి రమ్మంది.

ఆ పిల్ల మారిపోయింది. జడ సరిగా వేసుకోలేదు. ముక్కు మీద కొత్త కళ్ళద్దాలు. వాటిని మాటిమాటికీ పైకి తోసుకుంటోంది.

"మాస్టారు రాలేదా అక్కా?"

"రాలా. ఏంది పని?"

"పనేం లేదు. అడుగుదామని వచ్చా." విజయలక్ష్మి చాప అంచు మీద కూర్చుంది. "ఆ మూల నేను ముందు రోజు చూశా అక్కా. పెద్దది చేసి చూశా. కలిసే ఉంది. తర్వాత అదే మూల చూస్తే సందుంది. అంటే నేను ముందు రోజు చూసింది ఏంది? లేనిది ఉన్నట్టు చూశానా? నరసరావుపేట పోయి కళ్ళ డాక్టరుకి చూపించుకున్నా. కళ్ళు బాగానే ఉన్నయ్ అన్నాడు. నేనే బతిమాలి అద్దాలు రాయించుకున్నా. పెట్టుకుంటే తల తిరుగుద్ది." ఆమె అద్దాలు తీసి చేతిలో పెట్టుకుంది. "ఇప్పుడు ట్రేసింగ్ కాగితం మీద గీత గీస్తే, అది కలిసిందో లేదో నాకు నమ్మకం లేదక్కా. మూడుసార్లు నాలుగుసార్లు తడిమి చూసుకుంటన్నా. ఇరుగు పొరుగోళ్ళు పిచ్చిది అనుకుంటారని మా పిన్ని తిడతంది. మాస్టారిని అడుగుదామని వచ్చా. ఆయన చెయ్యి ఎట్టాంటిదో తెలుసు గదా. నా చెయ్యి పోయిందేమో ఆయన చూస్తే తెలుసుద్ది."

కోటేశ్వరి పొయ్యి మీద పాలు పెట్టి ఉంది. అవి పొంగుతున్నా లేవలేదు. విజయలక్ష్మి లేచి పోయి గిన్నె దించింది.

ఊరుకుంటే సరిపోతుంది. ఈ పిల్ల ఇంకో నెల ట్రేసింగ్ బల్ల దగ్గర కూర్చుంటుంది, తర్వాత ఉద్యోగం మానేస్తుంది. ఎవరో సంబంధం చూస్తారు. ఎర్ర పట్టీల చెప్పులు ఇంక ఆ తలుపు ముందు కనపడవు. కోటేశ్వరి ఇన్నాళ్ళూ కోరుకున్నది అదే. తన మొగుడి ఉద్యోగం కూడా తను ఊరుకోవడం మీదే ఉంది. ఇదంతా ఆమె బుర్రలో తిరుగుతూనే ఉంది. ఆ పిల్ల మాత్రం మళ్ళీ చాప మీద కూర్చుని, అంచు గీత కలిసిందో లేదో వేలితో తడిమి చూసుకుంటోంది.

"నీ కళ్ళు బాగానే ఉన్నయ్" అంది కోటేశ్వరి.

విజయలక్ష్మి తల ఎత్తింది.

"నీ చెయ్యీ బాగానే ఉంది. నువ్వు చూసినప్పుడు ఆ మూల కలిసే ఉంది."

అంతకంటే చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం రాలేదు. విజయలక్ష్మి కోటేశ్వరి ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది. ఆ పిల్ల ముఖంలో ముందు ఏమీ కనపడలేదు. తర్వాత మెల్లగా రంగు తగ్గింది. మధ్యాహ్నం పూట ఆ గదిలోకి పోగలిగేవాళ్ళు ఎవరో ఆమెకి తెలుసు. ఆమె కళ్ళద్దాలు పెట్టెలో పెట్టుకుని, చప్పుడు రాకుండా మూత మూసి, లేచింది. కాఫీ తాగకుండానే వెళ్ళిపోయింది.

బ్రహ్మానందం వచ్చాక కోటేశ్వరి దాచలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆయన చెప్పులు విప్పుతూ వింటున్నవాడు అట్టాగే గడప మీద కూలబడ్డాడు.

"నువ్వా? నువ్వు చెప్పావా?"

"పేరు చెప్పలా."

"పేరు చెప్పకపోతే తెలవదంటావా?" ఆయన గొంతు చిట్లింది. "నెల రోజులు దాన్ని తిట్టిపోశావ్ గదే! నీ కోసమే..." ఆ మాట మధ్యలోనే ఆగింది. నీ కోసమే చేశానని అనలేకపోయాడు. ఆమె కోసం చెయ్యలేదని ఇద్దరికీ తెలుసు.

"తిట్టాను. ఇప్పుడూ అదంటే నాకు పడదు" అంది కోటేశ్వరి. "అయినా ఆ పిల్ల కళ్ళు పోయినయ్యనుకుంటంది బావా. ఎట్టా ఊరుకోను?"

ఆయన ఆ పూట అన్నం తినలేదు.

మర్నాడు విజయలక్ష్మి మేనేజరుకి చెప్తుందని బ్రహ్మానందం అనుకున్నాడు. చెప్పలేదు. ఆ తర్వాత రోజూ చెప్పలేదు. ఆమె తన బల్ల దగ్గర కూర్చుని పని చేసుకుంటోంది. ఆయన అటు పోతే తల ఎత్తడం లేదు. మేనేజరు గది తలుపు చప్పుడైనప్పుడల్లా ఆయన కుర్చీలోంచి సగం లేచేవాడు. కంప్యూటర్ ముందు కూర్చుంటే చెయ్యి సరిగా పనిచెయ్యలేదు. చిన్న షీటు కూడా పూర్తి కాలేదు. ఎవరూ ఏమీ అనలేదు. అంటే బాగుండునని ఆయనకే అనిపించింది. చివరికి ఆ శనివారం తనే మేనేజరు గదిలోకి పోయి చెప్పేశాడు. మంచితనంతో చెప్పలేదు. ఆ ఎదురుచూపు భరించలేక చెప్పాడు. ఆ రోజు సాయంత్రం కోటేశ్వరికి ఆయనే అట్టా చెప్పాడు.

ఆదినారాయణ గారు లేచి గది తలుపు మూశాడట. తర్వాత, "ఇన్నేళ్ళ సర్వీసు చూసి ఊరుకుంటున్నా బ్రహ్మానందం. ఇంక డ్రాయింగ్ ఆఫీసులో నీకు బల్ల లేదు" అని, క్వారీలో సర్వే పార్టీకి వేశాడు. ఎర్రటి ఎండలో రాళ్ళ మీద కొలత గొలుసు లాగే పని. విజయలక్ష్మిని మళ్ళీ కంప్యూటర్ గదికి పంపాడు. సర్పంచ్ వెంకట్రామయ్యకి మాత్రం ఎవరూ నిజం చెప్పలేదు. ఆ ఊళ్ళో ఇప్పటికీ కంపెనీ మనసులో మాట మిషన్ బయటపెట్టిందనే చెప్పుకుంటారు.

అది చెప్పాక బ్రహ్మానందం కోటేశ్వరితో కొన్నాళ్ళు మాట్లాడలేదు. తర్వాత మాట్లాడాడు. ఉప్పు, పప్పు, పిల్ల ఫీజు, అంతే. క్వారీ దుమ్ముతో ఇంటికొచ్చేవాడు. మెడ వెనకాల చర్మం కమిలి పొలుసులు లేచింది. ఆమె కొబ్బరినూనె రాస్తానంటే వద్దనలేదు.

వానాకాలం వెళ్ళాక, కూతురిని చూసొద్దామని కోటేశ్వరి ఒకరోజు మాచర్ల బస్టాండులో నరసరావుపేట బస్సెక్కింది. కిటికీ పక్కన విజయలక్ష్మి కూర్చుని ఉంది. కాళ్ళ దగ్గర రెండు పెట్టెలు. పక్క సీటు తప్ప ఇంకో సీటు లేదు.

"కూర్చో అక్కా" అంది ఆమె.

హైదరాబాదులో ఇంకో కంపెనీలో కంప్యూటర్ డ్రాయింగ్ ఉద్యోగం వచ్చిందట. ముందు అమ్మానాన్నల దగ్గరికి పోయి అట్నుంచి పోతానని చెప్పింది. కోటేశ్వరి మంచిదంది. బస్సు కారంపూడి చేరింది. అక్కడ బస్సు ఆగినప్పుడు విజయలక్ష్మి జామకాయలు కొని ఒకటి ఆమెకిచ్చింది. కోటేశ్వరి దాన్ని చేతిలో తిప్పుతూ, ఇన్నాళ్ళూ గొంతులో ఉన్నది అడిగేసింది.

"నీకు ఆయనంటే ఏమన్నా ఉండేదా?"

విజయలక్ష్మి ఆశ్చర్యపోలేదు.

"ఉండేదక్కా. నువ్వనుకున్నట్టు కాదు. మా నాన్న కంటే ఎక్కువ గౌరవం ఉండేది. ఆయన గీత గీస్తంటే పక్కన నిలబడి చూడడం నాకు గుడికి పోయినట్టుండేది." జామకాయ కొరికింది. "ఇప్పుడేం లేదు. కోపం కూడా లేదు. ఎదురుపడితే ఎవరో ముసలాయన పోతన్నట్టుంటది."

కోటేశ్వరి ఇది వినాలనే కదా తపించింది. ఈ పిల్ల తన మొగుడి వైపు ఆ కళ్ళతో చూడకూడదనే కదా మొక్కుకుంది. ఇప్పుడు నిజంగానే చూడడం లేదు. అయినా ఆమెకి ఆ మాట చురుక్కున తగిలింది. తన ఇంట్లోంచి ఎవరో ఒక వస్తువు మోసుకుపోయినట్టు అనిపించింది. ముసలాయనట! ఆయనకి ఇంకా నలభై ఐదు నిండలేదు. ఆ చెయ్యి గీసిన గీత ఎట్టాంటిదో ఈ పిల్లకి తెలియదా? అనబోయి ఊరుకుంది. తెలుసు కాబట్టే అట్టా మాట్లాడుతోందని ఆమెకి అర్థమైంది.

నరసరావుపేటలో దిగాక విజయలక్ష్మి పెట్టెలు రిక్షాలో పెట్టించుకుని, "వెళ్తానక్కా" అంది. కోటేశ్వరి తలూపింది.

రెండు రోజుల తర్వాత ఇంటికొచ్చేసరికి బ్రహ్మానందం నూతి గట్టు దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నాడు. కూతురి సంగతులు అడిగాడు. చెప్పింది. అన్నానికి కూర్చున్నాక, ముద్ద కలుపుతూ కంచంలోకే చూస్తూ అన్నాడు.

"విజయలక్ష్మి వెళ్ళిపోయిందంట. నువ్వెక్కిన బస్సులోనే పోయిందని జిలానీ చెప్పాడు."

"ఆఁ. నా పక్కనే కూర్చుంది."

ఆయన ముద్ద నోట్లో పెట్టుకోలేదు. "ఏమన్నా అందా?"

కోటేశ్వరి గరిటె పట్టుకుని నిలబడింది. కమిలిన ఆ మెడ, దుమ్ముపట్టిన ఆ వేళ్ళు చూసింది.

"నిన్ను అడిగింది" అంది. "ఒంట్లో ఎట్టా ఉంది, ఎండకి జాగ్రత్తగా ఉండమను అంది."

బ్రహ్మానందం తల ఎత్తాడు. ఎన్ని నెలలుగానో ముడుచుకుపోయిన ముఖం విప్పారింది. "అట్టా అందా?" అన్నాడు. మళ్ళీ కంచం వైపు వంగి, ఆకలైనవాడిలా గబగబా తినసాగాడు.

ఆ ముఖం చూసేసరికి తలుపు బయటి ఎర్ర పట్టీలు మళ్ళీ కోటేశ్వరి కళ్ళ ముందు కదిలాయి. అయినా ఇంకో గరిటెడు కూర వడ్డించింది.